సోయా వేరుకు తెలిసిన మాట

ప్రశ్న: మాది నిర్మల్ జిల్లా. ఆరెకరాల నల్లరేగడి, ఇన్నేళ్లూ పత్తే వేసినం. నిరుడు వానాకాలం తొలిసారి రెండెకరాల్లో సోయా పెట్టిన. షాపులో ఇచ్చిన రైజోబియం ప్యాకెట్ ఎకరానికి ఒకటి లెక్కన, తెగులు మందుతో కలిపి ఒకేసారి విత్తనానికి పట్టించిన. దాని మీద పెసర, మినుము అని ఉందేమని అడిగితే పప్పుజాతికి అన్నింటికీ ఒకటే అన్నడు. విత్తేటప్పుడు ఎకరానికి ఒక బస్తా డీఏపీ, ఒక బస్తా యూరియా వేసిన. నలభై రోజులకు చేను పాలిపోయింది. మొక్క పీకి చూస్తే వేరుకు బుడిపెలు ఒకటీ అరా. మళ్లీ యూరియా వేసి ఎట్లనో పంట తీసిన. డిగ్రీ చదివే మా కొడుకేమో, "ఆ బ్యాక్టీరియా వేరుతో మాట్లాడతది నాన్నా, మన చేన్ల మాట కలవలేదు" అంటడు. నిజంగా మాట్లాడుకుంటయా? ఈసారి ప్యాకెట్‌కు డబ్బులు పెట్టాల్నా వద్దా?
— ఒక సోయా రైతు

జవాబు: అన్నా, పెట్టండి. అయితే ప్యాకెట్ మీద సోయా అని ఉండాలి. రైజోబియం అంటే వేరు బుడిపెల్లో చేరి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా, దాని ప్యాకెట్‌నే కల్చర్ అంటాం. మీ అబ్బాయి చెప్పింది నిజమే, మీ చేలో ఏం జరిగిందో ఆ ఒక్క మాటలోనే ఉంది. నేను చాలా ఏళ్లుగా జీవన ఎరువుల మీదే పని చేస్తున్నాను, ఇలాంటి ఉత్తరాలు ప్రతి వానాకాలం తర్వాత వస్తాయి, వాటిలో చాలామంది చివరికి "ఈ కల్చర్లన్నీ దండగ" అని తేల్చేసుకుంటారు. మీరు అలా తేల్చుకోకుండా అడిగారు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

మాట అంటే మనలా నోటితో కాదనుకోండి. ఇక్కణ్నుంచి ఒక పదార్థం వెళ్తుంది, దాన్ని పసిగట్టిన అవతలి జీవి తన పని మార్చుకుని తిరిగి ఇంకో పదార్థం పంపుతుంది, అది అందాక ఇవతలి జీవి కూడా మారుతుంది. దీన్ని మాట అనడం నాకు తప్పనిపించదు. పొయ్యి మీద తాలింపు వాసన వస్తే అన్నానికి లేవాలని మనకు తెలుస్తుంది, ఎవరూ నోరు తెరవనక్కర్లేదు.

సోయా గింజ మొలిచి వేరు దిగుతున్నప్పుడు ఆ వేరు చాలా పదార్థాలను మట్టిలోకి వదులుతుంది, చక్కెరలు, ఆమ్లాలు ఇంకా ఎన్నో. వాటిలో జెనిస్టీన్, డైడ్జీన్ అని రెండుంటాయి. సోయా పాలు తాగేవాళ్ల ఒంట్లోకి చేరేవి కూడా ఇవే, ఆరోగ్యం గురించి చెప్పేవాళ్ల నోట మీ అబ్బాయి ఈ పేర్లు వినే ఉంటాడు. కానీ మొక్క వాటిని మట్టిలోకి వదిలేది మన కోసం కాదు. నత్రజని చాలనప్పుడు ఇలాంటివి ఇంకా ఎక్కువ వదులుతుంది. సోయాకు సరిపోయే బ్యాక్టీరియా, దాని పేరు బ్రాడీరైజోబియం జపానికమ్, ఆ దగ్గర్లో ఉంటే దాని లోపల కాపలా ఉండే ఒక ప్రొటీన్ ఈ జెనిస్టీన్‌ను పట్టుకుంటుంది. అంతవరకు నిద్రపోతున్న కొన్ని జన్యువులు అప్పుడు మేల్కొంటాయి. వాటి పనల్లా జవాబు తయారుచేయడమే.

ఆ జవాబును నాడ్ ఫ్యాక్టర్ అంటారు. రొయ్య పెంకులో, బూజు గోడల్లో ఉండే కైటిన్ తెలుసుగా, దాన్ని నాలుగైదు పూసల గొలుసుగా తెంచి ఒక కొసకు కొవ్వు తోక తగిలించినట్టు ఉంటుంది. దానికి అక్కడక్కడా చిన్న చిన్న అలంకారాలు, ఒక్కో రకం బ్యాక్టీరియాకు ఒక్కో తీరు. సోయా బ్యాక్టీరియా తన గొలుసుకు ఫ్యూకోజ్ అనే ఒక ప్రత్యేకమైన చక్కెరను తగిలిస్తుంది. పశువుల మేతగా వేసే లూసర్న్ బ్యాక్టీరియా అయితే గంధకం ఉన్న ముక్క తగిలిస్తుంది. వేరు ఆ తేడాను గుర్తుపడుతుంది. ఆ గొలుసు లీటరు నీటిలో గ్రాములో పది లక్షలో ఒక వంతు ఉన్నా చాలు, వేరు వెంట్రుక కదులుతుంది. అసలు బూజు తెగులు వచ్చినప్పుడు కైటిన్ ముక్కలను చూసి మొక్క ఉలిక్కిపడి తలుపులు మూసుకుంటుంది, అదే కైటిన్‌కు ఆ తోక, ఆ అలంకారం ఉంటే తలుపు తీస్తుంది. శత్రువును, చుట్టాన్ని ఒకే జాతి ప్రొటీన్లతో తడిమి చూసి వేరుచేస్తుందన్నమాట. ఇన్నేళ్లయినా నాకు ఈ సంగతి దగ్గరికి వచ్చేసరికి మనసు ఆగిపోతుంది.

నేను చదువుకునే రోజుల్లో దీన్ని కళ్లారా చూశాను. మొలకెత్తిన గింజ వేరును గాజు పలక మీద పెట్టి, బ్యాక్టీరియా కలిపిన నీళ్లు ఒక చుక్క వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే వేరు వెంట్రుకలు నారుమడిలో వరి మొలకల్లా నిటారుగా ఉన్నాయి. మర్నాడు పొద్దున వచ్చి చూసేసరికి కొన్నింటి కొసలు గాలం కొక్కెంలా వంకర తిరిగి ఉన్నాయి, ఆ వంకీ మధ్య బ్యాక్టీరియా చిక్కుకుని ఉంది. అంతకుముందు పుస్తకంలో బొమ్మ చూశాను, పరీక్షలో గీశాను కూడా, కానీ అది నిజంగా వంగిందని చూశాక ఆ రోజు భోజనానికి కూడా వెళ్లబుద్ధి కాలేదు. ఆ వంకీ దగ్గర్నుంచి వెంట్రుక లోపలికి ఒక సన్నని గొట్టం ఏర్పడుతుంది, బ్యాక్టీరియా అందులో బారు కట్టి వేరు లోపలికి నడుస్తుంది. ఈ లోపే లోపలి కణాల్లో కాల్షియం నిమిషానికో రెండు నిమిషాలకో ఒకసారి ఎగసి పడుతూ ఉంటుంది, తలుపు తట్టారని కేంద్రకానికి అందే కబురు అదే. లోతుగా ఉన్న కణాలు విభజన మొదలుపెడతాయి, అదే బుడిపె. (వేరుశనగలో దారి వేరు, పక్క వేరు పొడుచుకొచ్చే చోట పడే చీలికలోంచి బ్యాక్టీరియా దూరుతుంది.)

ఇదంతా ఒక్కరోజులో తెలిసింది కాదు. పప్పుజాతి మొక్కలు బుడిపెల్లోని జీవుల సాయంతో గాలిలోని నత్రజని తీసుకుంటాయని 1888లో జర్మనీలో హెల్రీగెల్, విల్ఫార్త్ తేల్చారు, ఆ ఏడే హాలండ్‌లో బైయరింక్ ఆ బ్యాక్టీరియాను విడదీశాడు. వాటిని కలిపే మాట ఏమిటో దొరకడానికి ఇంకో వందేళ్లు పట్టింది. లూసర్న్ వేరు పంపే కబురు లూటియోలిన్ అని 1986లో అమెరికాలో షారన్ లాంగ్ బృందం కనిపెట్టింది, బ్యాక్టీరియా ఇచ్చే జవాబు రూపం 1990లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో బయటపడింది.

ఇప్పుడు మీ చేలోకి వద్దాం.

పెసర, మినుము, కంది, అలసంద, వేరుశనగ, వీటన్నింటికీ కొంచెం అటూ ఇటుగా ఒకే గుంపు బ్యాక్టీరియా పనికొస్తుంది, మన నేలల్లో తరతరాలుగా ఈ పంటలు వేస్తున్నాం కాబట్టి ఆ గుంపు ఎలాగూ మట్టిలో ఉంటుంది. షాపతను "అన్నింటికీ ఒకటే" అన్నది ఈ గుంపు వరకు కొంత నిజం, సోయా దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా తప్పు. శనగకు కూడా తన బ్యాక్టీరియా వేరు. సోయా చైనా నుంచి వచ్చిన పంట, దాని బ్యాక్టీరియా మన మట్టిలో పుట్టి పెరిగింది కాదు. పదేళ్లుగా సోయా వేస్తున్న చేలో ముందు పంటల నుంచి మిగిలిపోయి ఉండొచ్చు, పత్తి తప్ప ఇంకోటి ఎరగని మీ నేలలో అది ఉండే అవకాశం చాలా తక్కువ. అంటే మీ సోయా వేరు మొలిచిన నాటి నుంచి పిలుస్తూనే ఉంది, మీరు పట్టించిన పెసర బ్యాక్టీరియా పక్కనే ఉంది, కానీ అదిచ్చే జవాబు సోయాకు సరిగ్గా అర్థం కాలేదు. ఒకటీ అరా బుడిపె వచ్చిందన్నారే, ఆ కొంచెం పొత్తు కుదిరింది కాబట్టే.

రెండోది, తెగులు మందుతో కలిపి పట్టించడం. థైరమ్, కాప్టాన్ లాంటి మందులు బూజును చంపడానికి, కానీ రైజోబియానికీ అవి మంచివి కావు. తడి విత్తనం మీద రెండూ ఒకేసారి ముద్దగా కలిస్తే మాట్లాడవలసిన జీవి మట్టిలోకి చేరకముందే చచ్చిపోతుంది. కల్చర్ ప్యాకెట్‌ను ఎరువు అనుకోవడం వల్లే ఈ పొరపాటు ఎక్కువగా జరుగుతుంది, పేరులోనే ఎరువు ఉందాయె. అందులో ఉన్నవి ప్రాణంతో ఉన్న జీవులు, ప్రభుత్వ ప్రమాణం ప్రకారం పొడి కల్చర్‌లో గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలు ఉండాలి. మంచి ప్యాకెట్‌ను రేకుల షెడ్డులో ఎండకు ఉంచినా, ట్రాక్టర్ ట్రాలీలో మధ్యాహ్నమంతా పడేసినా ఆ లెక్క పడిపోతుంది.

మూడోది యూరియా. ఇది చెప్పేటప్పుడు రైతులు నా మొహం వైపు అనుమానంగా చూస్తారు, ఎరువు వేస్తే బుడిపెలు తగ్గడం ఏమిటని. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 20 కిలోల నత్రజని ఉంటుంది, మీరు వేసిన 50 కిలోల డీఏపీలో ఇంకో 9 కిలోలు. మొక్క వైపు నుంచి ఆలోచించండి. బుడిపె కట్టడం ఖర్చుతో కూడిన పని, లోపల చేరిన లక్షల బ్యాక్టీరియాకు ఆకుల్లో తయారైన చక్కెర మోసుకొచ్చి తినిపించాలి. మట్టిలోనే నత్రజని తేరగా దొరుకుతుంటే మొక్క పిలుపు తగ్గిస్తుంది, వచ్చిన బ్యాక్టీరియాకు కూడా తలుపు సరిగ్గా తీయదు. మామూలుగా కూడా, కొన్ని బుడిపెలు కట్టాక వేరు నుంచి ఆకుకు కబురు పోతుంది, ఇక చాలు అని ఆకు నుంచి వేరుకు కబురు వస్తుంది. నత్రజని ఎక్కువైతే ఆ "చాలు" అనే మాట ముందే వినిపిస్తుంది. డీఏపీలో ఉన్న 9 కిలోలు మొలక నిలదొక్కుకోవడానికి దాదాపు సరిపోతాయి, విత్తేటప్పుడు పైన ఇంకో బస్తా వద్దు.

నలభై రోజులకు పాలిపోయిందని మీరు మళ్లీ యూరియా వేశారు చూడండి, అది తప్పని మాత్రం అనుకోవద్దు. బుడిపెలు లేని సోయాకు అప్పటికి వేరే దిక్కు లేదు, చేను కాపాడుకున్నారు. నల్లరేగడిలో నీళ్లు నిలిచినా ఆకులు పచ్చదనం కోల్పోతాయి, నీటిలో మునిగిన వేరుకు గాలి అందక ఉన్న బుడిపెలు కూడా పని చేయవు, అందుకని ఈసారి నిలిచిన నీళ్లు బయటికి పోయేలా కాలువలు తీసుకోండి.

మీ అబ్బాయికి ఒక నాలుగు ముక్కలు చెప్పాలనుంది, ఇది మీరు కూడా చదవండి. ఈ మాటల వ్యవహారం రైజోబియంతో అయిపోలేదు. మీ పత్తి చేనే తీసుకోండి. ఆగ్రోబ్యాక్టీరియం అని ఒకటుంది, రైజోబియానికి దూరపు చుట్టం. గులాబీ, ద్రాక్ష మొక్కలకు కాండం మొదట్లో కంతులు తెచ్చేది అదే. మొక్కకు ఎక్కడైనా గాయమైతే అసిటోసిరింగోన్ అనే పదార్థం కారుతుంది, 1985లో పొగాకు మొక్కల్లో పట్టుకున్నారు దీన్ని. మొక్క దాన్ని తన గాయం కోసం వదులుతుంది, ఆగ్రోబ్యాక్టీరియం మాత్రం పక్కింటి మాట గోడ వెనక నుంచి విన్నట్టు విని, అక్కడికి చేరి, తన జన్యువుల్లో ఒక ముక్కను మొక్క కణంలోకి ఎక్కించేస్తుంది. ఆ ముక్క చెప్పినట్టు మొక్క కంతి పెంచి, ఈ బ్యాక్టీరియా తినే తిండిని తనే వండి పెడుతుంది. శాస్త్రవేత్తలు ఆ ముక్కలోంచి కంతి తెచ్చే జన్యువులు తీసేసి తమకు కావలసిన జన్యువు పెట్టారు. 2002లో మన దేశంలో అనుమతి వచ్చిన తొలి బీటీ పత్తిలోకి కాయతొలుచు పురుగును ఆపే జన్యువు చేరింది ఈ దారిలోనే. కాబట్టి బ్యాక్టీరియా మొక్క మాట వింటుందా అన్న అనుమానం మీ ఊళ్లో ఎవరికైనా ఉంటే వాళ్ల చేలోని పత్తినే చూపించవచ్చు.

తొలకరి పడినప్పుడు వచ్చే మట్టి వాసన కూడా అంతే. అందులో ముఖ్యమైనది జియోస్మిన్, ఎక్కువగా స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బ్యాక్టీరియా తయారుచేస్తుంది. మనకు హాయిగా ఉంటుంది గానీ అసలు ఆ వాసన పిలిచేది స్ప్రింగ్‌టెయిల్ అనే ఆవగింజంత పురుగుల్ని అని 2020లో తేలింది. అవి వచ్చి ఆ బ్యాక్టీరియాను తింటాయి, తింటూ దాని బీజాలను ఒంటికి అంటించుకుని వేరే చోటికి మోసుకుపోతాయి.

సముద్రంలోనూ ఉంది ఇది. హవాయి తీరంలో బొటనవేలంత స్క్విడ్ ఒకటుంటుంది, పగలు ఇసుకలో దాక్కుని రాత్రి వేటకు వస్తుంది. దాని పొట్ట వైపు ఒక సంచిలో వెలిగే బ్యాక్టీరియా ఉంటుంది. పైనుంచి వెన్నెల పడుతుంటే కింద తన నీడ కనబడకుండా అది ఆ వెలుగు వాడుకుంటుంది. ఆ బ్యాక్టీరియా తక్కువగా ఉన్నప్పుడు వెలగదు, ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా వదిలే కబురు పదార్థం సంచిలో చిక్కబడినప్పుడే, అంటే మనవాళ్లు చాలామంది చేరారని తెలిసినప్పుడే అన్నీ కలిసి వెలుగుతాయి. 1994లో దీనికి కోరం సెన్సింగ్ అని పేరు పెట్టారు. నాకు ఇంకా ఆశ్చర్యమనిపించేది వేరే ఉంది. ఈ బ్యాక్టీరియా గోడ నుంచి రాలే ఒక చిన్న ముక్క తగిలితేనే స్క్విడ్ పిల్ల సంచి పెద్దదాని సంచిలా రూపం మార్చుకుంటుంది. అచ్చం ఆ ముక్కే కోరింత దగ్గు తెచ్చే బ్యాక్టీరియా వదిలితే పిల్లల గొంతు గొట్టం లోపలి పొర దెబ్బతింటుంది. మాట ఒకటే, వినేవాళ్లను బట్టి ఒకచోట అది పెంపకం, ఇంకోచోట జబ్బు.

సరే, జూన్‌లో మీరేం చేయాలో చెబుతాను.

ప్యాకెట్ కొనేటప్పుడు పంట పేరు సోయా అని, లోపలి జీవి బ్రాడీరైజోబియం జపానికమ్ అని ఉందో లేదో చూడండి, తయారీ తేదీ, గడువు తేదీ చూడండి. ఆదిలాబాద్‌లోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనో కృషి విజ్ఞాన కేంద్రంలోనో ఒకసారి అడిగితే సోయా కల్చర్ ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. ఇంటికి తెచ్చాక నీడలో, చల్లగా, పురుగుమందుల డబ్బాలకు దూరంగా పెట్టండి. 200 గ్రాముల ప్యాకెట్ 8 నుంచి 10 కిలోల విత్తనానికి అని లెక్క. సోయా ఎకరానికి దాదాపు 30 కిలోలు పడుతుంది కాబట్టి ఎకరానికి ఒక్క ప్యాకెట్ మీకు చాలి ఉండదు, మూడు తీసుకోండి.

వరస మాత్రం మరిచిపోవద్దు: ముందు తెగులు మందు, అది ఆరాక పురుగు మందు వేయాలనుకుంటే అది, అన్నింటికన్నా చివర విత్తే రోజున కల్చర్. ఒక్కో ప్యాకెట్‌కు 100 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల బెల్లం వేసి మరిగించి పూర్తిగా చల్లారనివ్వండి, చేయి పెడితే వెచ్చగా ఉన్నా ఆగండి. అందులో కల్చర్ కలిపి విత్తనాన్ని గోనె పట్టా మీద పోసి మెల్లగా పైకి కిందికి తిప్పండి. సోయా గింజ తోలు చాలా పల్చన, పెసలు పిసికినట్టు చేతులతో రుద్దితే తోలు ఊడి మొలక దెబ్బతింటుంది. ప్రతి గింజకూ నల్లటి పూత సన్నగా అంటాలి. నీడలో ఆరబెట్టి ఆ రోజే, పదును ఉన్న నేలలో విత్తండి. పొడి దుక్కిలో విత్తి వాన కోసం ఎదురుచూస్తే గింజ ఓర్చుకున్నా దాని మీది బ్యాక్టీరియా ఓర్చుకోలేదు. తెగులు మందు పట్టించిన విత్తనమే కొన్నారా, అయితే కల్చర్‌ను బాగా మాగిన, తడి పశువుల ఎరువులో కలిపి విత్తేటప్పుడు సాళ్లలో పడేలా చూడండి, అదీ మంచిదే.

ఒక సాలు మాత్రం కల్చర్ పట్టించకుండా విత్తి గుర్తుగా కర్ర పాతండి. ఇది నా కోసం కాదు, మీ కోసం, మీ అబ్బాయి కోసం. పక్కపక్కనే చూసుకుంటే ఎవరి మాటా నమ్మనక్కర్లేదు.

విత్తిన 35, 40 రోజుల మధ్య ఒక పొద్దున మీరిద్దరూ వెళ్లండి. నిరుడు మొక్క పీకి చూశానన్నారు, పీకితే రేగడిలో బుడిపెలు తెగి లోపలే ఉండిపోతాయి, పారతో మట్టి గడ్డతో సహా లేపి బకెట్ నీళ్లలో నానబెట్టి మెల్లగా కడగండి. వేరుకు పక్కన అతికించినట్టు ఉండి, గోటితో తోస్తే ఊడివచ్చేవి మన బుడిపెలు. వేరే ఉబ్బి ముడిపడినట్టు ఉండి ఊడకపోతే అవి నులిపురుగులవి, పొరబడకండి. మూడు నాలుగు బుడిపెలు గోటితో మధ్యకు చీల్చి చూడండి. లోపల గులాబీగానో ఎర్రగానో ఉంటే నత్రజని తయారవుతున్నట్టే, ఆ ఎరుపు మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమైన పదార్థానిది, నత్రజని పట్టే ఎంజైమ్ చెడిపోకుండా లోపలి ప్రాణవాయువును అదుపులో ఉంచుతుంది. తెల్లగా, పచ్చగా ఉంటే ఇంకా మొదలవలేదనో అయిపోయిందనో అర్థం. ఎర్రగా ఉన్న చేలో యూరియా జోలికి వెళ్లకండి, కర్ర పాతిన సాలు పాలిపోతే దానికి మాత్రం కొంచెం చల్లుకోండి.

రెండు సాళ్లలోనూ ఐదేసి మొక్కలు తవ్వి ఎన్ని బుడిపెలున్నాయో, చీలిస్తే ఏ రంగు కనిపించిందో మీ అబ్బాయితో ఒక కాగితం మీద రాయించి నాకు పంపండి.